దారం కట్టిన మోటరు

చాంద్‌బీ చేతి పనిని పీరు మహిమ అన్నారు. పదిహేడేళ్లు అట్లాగే అన్నారు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

వీపనగండ్లలో బస్సులు ఆగే చోటికి నాలుగడుగుల దూరంలో షంషుద్దీన్ మోటార్ వైండింగ్ వర్క్స్ అని బోర్డు ఉంటుంది. బోర్డు కింద కుర్చీ, కుర్చీలో షంషుద్దీన్. రైతులతో మాట్లాడేది అతను. ట్రాలీ ఆటోలోంచి మోటరు దింపించేది, ఎక్కించేది అతను. బోల్టులు విప్పి, కాలిపోయిన తీగ పీకి బయట పడేసేది కూడా అతనే, అబద్ధం చెప్పకూడదు. అక్కడి నుంచి మోటరు గోనెపట్టా మీద జరుగుతూ వెనక రేకుల షెడ్డులోకి పోతుంది. షెడ్డులో ఒక మూల పొయ్యి, ఒక మూల రాగితీగ చుట్టలు, మధ్యలో చాంద్‌బీ. అతని భార్య. తీగ చుట్టేది ఆమె.

ఆమె గద్వాల పిల్ల. పుట్టింటివాళ్లకు మగ్గం లేదు, మగ్గాలవాళ్లకు కండెలు చుట్టిపెట్టి బతికారు. ఎంత లాగితే దారం తెగుతుందో, ఎంత వదిలితే చిక్కు పడుతుందో ఎనిమిదేళ్లకే ఆమె వేళ్లకు తెలిసింది. పెళ్లయిన కొన్నేళ్లకు ఒకసారి షంషుద్దీన్ చెయ్యి తెగి కట్టుతో కూర్చుంటే, అతని బదులు ఒక కాయిలు తాను చుట్టి ఇచ్చింది. తీగ మీద తీగ ఎక్కకుండా, బిగువుగా, మగ్గం మీద పడుగులా వచ్చింది. "మంచిగనే చుట్టినవ్" అన్నాడు. ఆ ఒక్క మెప్పుతో పదిహేడేళ్ల పని ఆమె ఒళ్లో పడింది. అత్త బతికి ఉన్నంత కాలం అనేది: "కూసొని చేసే పనే గద. కూసున్నదానివి జర ఆ పొయ్యి మీద పప్పు గూడ చూస్కో."

కాయిలుకు ఎన్ని చుట్లు రాసి ఉంటే అన్నే పడాలి. ఒకటి తక్కువైనా మోటరు వేడెక్కి చస్తుంది. ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది అని పెదవులు కదలకుండా లెక్కపెట్టుకుంటూ ఉంటే ముందు నుంచి కూతురి పేరుతో భర్త కేక వచ్చేది: "గజాలా అమ్మా, రెండు చాయ్." లెక్క పోయేది. చాయ్ ఇచ్చి వచ్చి తీగ మొత్తం విప్పి మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఇట్లా ఎన్ని వందలసార్లు విప్పిందో ఆమెకే తెలియదు. చివరికి ఉపాయం కనిపెట్టింది. పది చుట్లకు ఒక చింతగింజ పక్కన పెట్టుకునేది. ఎవరు పిలిచినా గింజలు ఎక్కడికీ పోవు. షంషుద్దీన్ అది చూసి కుర్చీలోంచి రైతులకు చెప్పేవాడు: "మా ఇంట్ల ఇంజినీరు చింతగింజలతోని చదివింది." రైతులు నవ్వేవాళ్లు. లోపల ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే కోపం వచ్చిందంటారు. కోపం వచ్చిన ఆడదాని ముందు తాగిన చాయ్ గ్లాసులు కొంచెం గట్టిగా పెడతారు, అంతకన్నా ఏం చేయరు.

చుట్టడం ఒక ఎత్తు. చూడడం ఇంకో ఎత్తు. ఆ చూడడం ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, కాలిపోయి తిరిగొచ్చిన మోటర్ల దగ్గర నేర్చుకుంది. షాఫ్టును చేత్తో తిప్పి చూసేది. ఎక్కడా పట్టుకోకుండా తిరగాలి. స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకునేది. మంచి బేరింగు గాలిలా వినిపిస్తుంది, ఎండిపోయింది ఇసుక నమిలినట్టు వినిపిస్తుంది. తీగలు బిగించిన స్క్రూలన్నీ ఒకసారి కదిలించేది. ఆ తరువాత మెగ్గరు. చిన్న పెట్టె, పక్కన చేతితో తిప్పే పిడి, పైన గీతల మీద తిరిగే ముల్లు. ఒక తీగ కాయిలుకు, ఒక తీగ మోటరు ఒంటికి తగిలించి పిడి తిప్పితే, లోపలి కరెంటు బయటి ఇనుముకు కారుతుందో లేదో ముల్లు చెబుతుంది. ముల్లు పైకి లేస్తే మోటరు మంచిది. సున్నా మీద పడుకుంటే ఆ మోటరును ముట్టుకున్నవాళ్లు బతకరు. చివరగా అరగంట నడిపించి, వేడి ఎంత ఉందో అరచేతితో కాదు, చేతి వెనకతో చూసేది. అరచెయ్యి కరెంటు తగిలితే బిగుసుకుని పట్టుకుంటుంది. చేతి వెనక భాగమైతే విసిరి కొడుతుంది.

ఇవన్నీ అయ్యాక మోటరు మీది కొక్కేనికి ఎర్ర పట్టుదారం కట్టేది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న తెగుముక్కల దారం అది. మొదట్లో దానికి పెద్ద అర్థం లేదు. చూసిన మోటరు ఏదో, చూడనిది ఏదో తెలియక షంషుద్దీన్ రెండుసార్లు చూడని మోటర్లు ఇచ్చి పంపాడు. అందుకని గుర్తు. మగ్గాలవాళ్లు తెగిన పోగును కలిపే ముడి వేసేది. చదునుగా ఉంటుంది, జారదు, వేరేవాళ్లకు రాదు.

"ఇదేంది భాయ్, ఎర్ర దారం?" అని ఒక రైతు అడిగాడు. షంషుద్దీన్ ఆ రోజు హుషారుగా ఉన్నాడు. "దర్గా దారం. దువా చదివి కట్టిన. ఇంక కాలదు పో" అన్నాడు. ఆ మోటరు మూడేళ్లు కాలలేదు. దారం ఉన్న మోటర్లు ఏవీ ఏళ్ల తరబడి కాలలేదు. షంషుద్దీన్ చేతిలో బర్కత్, అంటే దేవుడి చలవ, ఉందని పేరు వచ్చింది. శ్రీరంగాపూర్ అవతలి ఊళ్ల నుంచి కూడా మోటర్లు రావడం మొదలైంది. కొందరు ఆ దారానికి పసుపు రాసేవాళ్లు, కొందరు కొబ్బరికాయ కొట్టి ఆన్ చేసేవాళ్లు. దారం లేకపోతే తీసుకుపోయేది లేదని మొండికేసేవాళ్లు.

చాంద్‌బీ ఒకనాడు అడిగింది. "గా దారం నేను చూసిన గుర్తు అని చెప్పరాదు?"

"ఆడామె చూసిందంటే ఎవడు కొంటపోతడు? పీరు చూసిండంటే కొంటపోతరు." అతను బనీనుతో మెడ తుడుచుకున్నాడు. "పని నడుస్తున్నది గద. నీకేం పోయింది?"

తనకేం పోయిందో ఆ రోజంతా వెతుక్కుంది. దొరకలేదు.

తెలిసినది ఒక్క జోగులమ్మకే. కాలువ పక్క ఊళ్లో ఈరన్న అనే రైతు భార్య ఆమె. ఒకసారి భర్త వెంట మోటరుతో వచ్చి, తాగడానికి నీళ్ల కోసం షెడ్డు వెనక్కి వచ్చింది. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్న చాంద్‌బీని చూసి చాలాసేపు గడప మీదే నిలబడింది. తరువాత అంది:

"అక్కా, గయితే పీరువి నువ్వేనా?"

చాంద్‌బీ కళ్లు తెరిచింది.

"పీరమ్మా, నీ పప్పు మాడుతున్నది, చూస్కో" అంది జోగులమ్మ. ఇద్దరూ నవ్విన నవ్వుకు ముందు నుంచి షంషుద్దీన్ "ఏందది?" అని కేకేశాడు.

ఆ తరువాత జోగులమ్మ సంతకు వచ్చినప్పుడల్లా షెడ్డులో కాసేపు కూర్చునేది. ఆమె నేర్చుకోవాలని వచ్చేది. ఊళ్లో మోటరు మగవాళ్ల పేరు మీద ఉంటుంది గానీ, కరెంటు వచ్చే వేళకు పొలం దగ్గర ఉండేది ఆడవాళ్లే. ఆన్ చేసేది, పంపులో నీళ్లు పోసేది, చప్పుడు మారితే ఆపేది వాళ్లే. చాంద్‌బీ ఆమెకు అన్నీ చెప్పింది. అర్తింగు తీగ బొగ్గు, ఉప్పు వేసిన గుంతలో దిగాలని, ఊరికే రాయికి చుట్టకూడదని చెప్పింది. బేరింగు చప్పుడు వినడం చెప్పింది. మోటరును ముట్టే ముందు టెస్టర్ పెట్టాలని, పెట్టినా చేతి వెనకతోనే ముట్టాలని చెప్పింది.

"నువ్వు దారం కట్టినదానికి గూడ టెస్టర్ పెట్టాల్నా అక్కా?"

"నా దారముంటే అక్కర్లే" అంది చాంద్‌బీ.

జీవితంలో ఆమె తన గురించి చెప్పుకున్న గొప్ప అదొక్కటే.

పోయిన యాసంగిలో వేరుశనగ ఊడలు దిగే వేళకు ఈరన్న మోటరు కాలింది. చాంద్‌బీ రెండు రోజులు కూర్చుని చుట్టింది. తీగల్లోంచి కరెంటు ఇనుముకు కారకుండా వార్నిష్ పోసి ఎండలో పెట్టింది. అదే రోజు నాగర్‌కర్నూల్ నుంచి ఫోన్ వచ్చింది, కూతురు గజాలాకు నొప్పులు మొదలయ్యాయని. సంచి సర్దుకుంటూనే చెప్పింది. "ఈరన్న మోటరు వార్నిష్ ఆరలే. మూడు ఎండలు చూపియ్యి. తర్వాత మెగ్గరు తిప్పి, ముల్లు లేస్తేనే దారం. యాది మరువకు."

"నాకు చెప్తున్నవా? పో, బస్సు పోతది."

నాలుగో రోజు పొద్దున దవాఖాన వరండాలో మనవరాలిని ఒళ్లో పెట్టుకుని ఉండగా షంషుద్దీన్ ఫోన్ చేశాడు. పిల్ల ఎట్లుందని అడగలేదు. "జోగులమ్మ పోయింది. తడి చేతులతోని మోటరు ముట్టిందట" అని పెట్టేశాడు.

చాంద్‌బీ ఆ ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. ఈరన్న ఇంటి ముందు మనుషులు కూర్చుని ఉన్నారు. అందరి నోటా ఒకే మాట. తడి చెయ్యి. ఒట్టి కాళ్లు. ఆడవాళ్లకు ప్రతి దానికి తొందర. పోలీసులు కాగితం మీద కూడా అదే రాసుకుపోయారు. వచ్చిన ప్రతివాడికీ ఈరన్న అదే చెబుతున్నాడు: "ఎన్నిసార్లు చెప్పిన, చెప్పులేసుకొని పో అని. ఇన్నదా? ఇనే మనిషైతే కద." పదో తరగతి చదివే కూతురు కావ్య నీళ్ల గ్లాసుల పళ్లెం పట్టుకుని అతని వెనకే నిలబడి ఆ మాట వింటోంది. ఎంతమంది వస్తే అన్నిసార్లు వింది.

చాంద్‌బీ కాలువ గట్టుకు నడిచింది. మోటరు అక్కడే ఉంది. పక్కన జోగులమ్మ నీళ్లు పోసిన సత్తు చెంబు బోర్లా పడి ఉంది, ఎవరూ తీయలేదు. అర్తింగు తీగ ఒక రాయికి రెండు చుట్లు చుట్టి ఉంది. కొక్కేనికి ఎర్ర దారం ఉంది. వంగి చూసింది. రెండు కొసలు కలిపి వేసిన మూట ముడి. బియ్యం సంచికి వేసే ముడి. తన ముడి కాదు.

ఇంటికి వచ్చి భర్తను అడిగింది.

"వార్నిష్ ఆరిందా?"

"ఈరన్న ఊకున్నడా? పంట పోతున్నదని నెత్తి మీద కూసున్నడు."

"మెగ్గరు తిప్పినవా?"

షంషుద్దీన్ ఆమె వైపు వింతగా చూశాడు. "దారం కట్టిన గద" అన్నాడు.

బుకాయిస్తున్నాడేమో అని అతని మొహం చూసింది. బుకాయించడం లేదు. నిజంగానే అంటున్నాడు. దారం కట్టాడు, అయినా ఎందుకు ఇట్లా అయిందో అతనికి నిజంగానే అర్థం కాలేదు. హుషారులో తాను చెప్పిన కథను పదిహేడేళ్లు చెప్పీ చెప్పీ తానే నమ్మాడు. ఇన్నేళ్లూ ఆమె అనుకున్నది, తన పనిని అతను తన పేరు మీద వేసుకుంటున్నాడని. అదైనా నయం. దొంగిలించేవాడికి ఆ వస్తువు విలువ తెలుస్తుంది. ఇతను ఆ పనిని చూడనే లేదు. నాలుగు గజాల దూరంలో కూర్చుని, ఆమె స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకోవడం, పిడి తిప్పడం, చేతి వెనక ఆనించడం రోజూ కళ్ల ముందు జరుగుతుంటే, అదంతా దారం కట్టే ముందు ఆడవాళ్లు చేసే ఏదో తతంగం అనుకున్నాడు. నీకేం పోయింది అని అడిగాడు అప్పుడు. జవాబు ఇప్పుడు దొరికింది. ఒక మనిషి పోయింది.

"ఈ ముచ్చట బయట తీసినవంటే దుకాణం బంద్" అన్నాడు షంషుద్దీన్. "నన్ను కొంటపోయి లోపలేస్తరు. గజాలా అత్తగారింట్ల మొఖం ఎట్ల ఎత్తుకుంటది? పసిపిల్ల ఉన్నది, జర సోంచాయించు."

సోంచాయించింది. నెల రోజులు సోంచాయించింది. అన్నం వండుతూ, తీగ చుడుతూ, చింతగింజలు పక్కన పెడుతూ. చచ్చిన మనిషి తిరిగి రాదు, బతికున్నవాళ్లు బతకాలి అని తనకు తాను చెప్పుకుంది. ఈ మాట ఎవరు కనిపెట్టారో గానీ, తప్పు చేసినవాళ్లకే పనికొచ్చింది ఎప్పుడూ. జోగులమ్మ ఆ పొద్దున ఏం చేసి ఉంటుందో ఆమెకు చూసినట్టే కనిపించేది. నీళ్లు పోసి ఉంటుంది. ఆన్ చేసి ఉంటుంది. కొత్తగా చుట్టించిన మోటరు వేడెక్కుతుందేమో చూద్దామని వంగి ఉంటుంది. టెస్టర్ చీర కొంగున ముడివేసుకునేది ఎప్పుడూ. కొంగు మీద చెయ్యి పోయి ఉంటుంది. ఎర్ర దారం కనిపించి ఉంటుంది. కొంగు వదిలేసి ఉంటుంది. అక్కడి దాకా వచ్చి చాంద్‌బీ చేతిలో తీగ ఆగిపోయేది. ఎన్ని గింజలు పెట్టుకున్నా లెక్క తప్పేది.

నెల దాటాక ఒక మధ్యాహ్నం ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. ఈరన్న దిగాడు, వెనక కావ్య దిగింది. ఆటోలో అదే మోటరు.

"దీన్ని జర దుమ్ము దులిపి, కొత్త దారం కట్టియ్యి భాయ్" అన్నాడు ఈరన్న. మనిషి సగం అయ్యాడు, గొంతు మాత్రం అదే. "మిగిలిన చేను గూడ ఎండుతున్నది. నాకు అటు పోబుద్ధి కాదు. ఇంక పొద్దుపొద్దున పిల్లనే పోయి ఆన్ చేస్తది. మీ అమ్మ లెక్క ఆగమాగం చెయ్యకు, చెప్పులేసుకొని పో అని చెప్పిన."

కావ్య కాళ్లకు పెద్ద సైజు చెప్పులున్నాయి. తండ్రివి.

షంషుద్దీన్ దారం డబ్బా కోసం లోపలికి వచ్చాడు. డబ్బా చాంద్‌బీ ఒళ్లో ఉంది. ఆమె దాన్ని పక్కన పెట్టి, మెగ్గరు తీసుకుని, చాయ్ గ్లాసులు లేకుండా పదిహేడేళ్లలో మొదటిసారి బోర్డు కిందికి వచ్చింది.

"నువ్వు లోపలికి పో" అన్నాడు షంషుద్దీన్.

ఆమె పోలేదు. మోటరు పక్కన గొంతుక్కూర్చుంది. ఇనుము మీది రంగు కొంచెం గీకి ఒక తీగ తగిలించింది, రెండోది లోపలి స్క్రూకు. "ఇటు రా బిడ్డా" అని కావ్యను పిలిచింది. "ఈ పిడి తిప్పు. ఆగకుండ తిప్పు. ముల్లు యాడ ఉన్నదో చదువు."

కావ్య తిప్పింది. "సున్నా మీద ఉన్నది పెద్దమ్మా."

"ఇంక గట్టిగ తిప్పు."

"సున్నానే. లేస్తలేదు."

"అట్లుంటే మోటరు ఒళ్లంత కరెంటే. ముట్టినోళ్లు చస్తరు. చెప్పులేసుకున్నా చస్తరు." చాంద్‌బీ ఈరన్న వైపు తిరిగింది. "తమ్మీ, ఆ దారం నేను కట్టింది కాదు. నేను ఊళ్లే లేను. వార్నిష్ ఆరలే, ఎవ్వరు చూడలే, దారం కట్టి నీకిచ్చిన్రు. అది మా తప్పు. అర్తింగు గుంత తీయమని జోగులమ్మతోని నీకు మూడుసార్లు చెప్పి పంపిన. రాయికి చుట్టినవ్. అది నీ తప్పు. నా దారముంటే టెస్టర్ అక్కర్లే అని దానికి చెప్పింది నేనే. అది నా తప్పు, చచ్చేదాక నాదే. దాని తప్పు మాత్రం ఏం లేదు. తడి చెయ్యి అంటున్నరు అందరు. నీళ్లు పొయ్యకుండ నీ పంపు ఎత్తదు. నీళ్లు పోసే చెయ్యి తడవకుండ ఎట్లుంటది?"

ఆటో డ్రైవరు ఇంజను ఆపేశాడు.

ఈరన్న షంషుద్దీన్ వైపు చూశాడు. "దారం నువ్వు కట్టినవా భాయ్?"

షంషుద్దీన్ కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. తల ఎత్తలేదు. అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

"ఈ మోటరు ఈడనే ఉంటది" అంది చాంద్‌బీ. "మొత్తం పీకి మళ్ల చుడుత. దుకాణం ఉంటదో పోతదో మీ ఇష్టం, ఎవరికి చెప్పుకుంటరో చెప్పుకోండి. ఉన్నన్ని రోజులు ఈడ దారం లేదు. ముల్లు లేసేది తమ కండ్లతోని చూసినోళ్లే మోటరు కొంటపోతరు." లోపలికి పోయి డబ్బాలోని దారమంతా పొయ్యిలో వేసింది. పట్టుదారం వెంట్రుకలు కాలినట్టు వాసన వేసింది.

బయటికి వచ్చేసరికి కావ్య ఇంకా పిడి పట్టుకునే ఉంది. తిప్పడం ఆపి తండ్రిని చూస్తోంది.

"నాయినా" అంది. "అమ్మ తప్పు లేదంట."

ఈరన్న ఆటో వైపు రెండడుగులు వేశాడు.

"ఇంటికొచ్చినోళ్లందరికి చెప్పినవ్ గద, అమ్మదే తప్పని. లేదని ఒక్కసారి చెప్పు. వాళ్లకు వద్దులే. నాకు చెప్పు."

అతను మోటరు దగ్గరికి వచ్చాడు. కొక్కేనికి వేలాడుతున్న మూట ముడిని గోళ్లతో విప్పబోయాడు, రాలేదు. పళ్లతో కొరికి తెంపాడు. ఆ ముక్కను అంగీ జేబులో పెట్టుకున్నాడు. కూతురి మొహం చూడలేదు, చాంద్‌బీ మొహం చూడలేదు.

"దాని ముచ్చట నన్నడగకు బిడ్డా" అన్నాడు. "ఎవ్వరడిగినా ఇంక మాట్లాడ. ఏనాడు మాట్లాడ."

జోగులమ్మ గురించి అన్న ఇన్ని మాటల్లో ఈ ఒక్క మాటను మాత్రం ఈరన్న నిలబెట్టుకున్నాడు, కావ్యకు కూడా చెప్పలేదు.